ఉత్తరం యంత్రం రాస్తుంది, పది మంది పిల్లల్ని ఎవరు వెతకాలి?

కొన్ని నెలల కిందట బరంపురంలోని మా తెలుగు సంఘం తరఫున ఒక వినతిపత్రం తయారుచేశాం. ఒక బడిలో తెలుగు పంతులుగారు పదవీ విరమణ చేశారు. ఆ ఖాళీ నింపాలని కోరుతూ రాసిన పత్రం అది. కార్యాలయానికి ఒడియాలో ఒక ప్రతి, పై అధికారులకు ఇంగ్లీషులో ఒక ప్రతి, మా సభ్యుల కోసం తెలుగులో ఒక ప్రతి. పాత రోజుల్లో ఈ మూడింటికీ కలిపి పది రోజులు పట్టేది. ఈసారి ఫోనులోని ఏఐ సాధనంతో ముసాయిదాలు పది నిమిషాల్లో వచ్చాయి. దిద్దుకోవడానికి ఒక సాయంత్రం సరిపోయింది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రస్తావన, పాత ఉత్తరాల తేదీలు, మా కోరిక, అన్నీ వరుసలో ఉన్నాయి. ముప్ఫై ఏళ్లకు పైగా గుమస్తా ఉద్యోగం చేసి, ఫైళ్ల మధ్యే తల నెరిసిన మాకు కూడా అందులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

ఆ పత్రం పట్టుకుని సంబంధిత కార్యాలయానికి వెళ్లాం. అక్కడి అధికారి మర్యాదగా కూర్చోబెట్టి, మొత్తం చదివి, ఒక్క ప్రశ్న వేశారు. "పిల్లల జాబితా ఏది?"

మా దగ్గర జాబితా లేదు. తెలుగు చదవాల్సిన పిల్లలు ఏ సాహీలో ఎంతమంది ఉన్నారో, ఏ తరగతిలో ఉన్నారో చెప్పే పుస్తకం ఒకప్పుడు సంఘంలో ఉండేది. దాన్ని తిరగరాసి చాలా ఏళ్లయింది. అందులో పిల్లలుగా నమోదైన వారిలో కొందరికి ఇప్పుడు పెళ్లిళ్లు కూడా అయ్యాయి. కాగితం బాగుంది, కాగితం వెనుక ఉండాల్సింది లేదు. తలవంచుకుని తిరిగి వచ్చాం.

ఏఐతో రోజువారీ పని తగ్గించుకుని సమయం మిగుల్చుకోవచ్చని ఇప్పుడు అందరూ అంటున్నారు. అది నిజమే, మేమూ మిగుల్చుకున్నాం. అయితే మిగిలిన సమయాన్ని ఏం చేశామన్నదే అసలు ప్రశ్న అని ఆ రోజు మాకు తెలిసివచ్చింది. మిగతా రాష్ట్రాల్లోని మన సంఘాలవారికి కూడా పనికివస్తుందని మా అనుభవం ఇక్కడ రాస్తున్నాం.

మూడు భాషల కాగితాల బరువు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మన తాతముత్తాతలు ఎక్కడికీ వలస పోలేదు, సరిహద్దే కదిలింది. నేత పని కోసం, ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలూ తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి. 2011 జనగణనలో ఒడిశాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు ఆరున్నర లక్షలకు పైగా తేలారు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మనవాళ్లు ఎక్కువ.

ఇలాంటి చోట సంఘం నడపడమంటే సగం పని కాగితాల పనే. సభ్యులకు నోటీసు తెలుగులో పంపాలి. ఆఫీసుకు ఒడియాలో రాయాలి. కమిషన్లకు, ఢిల్లీకి ఇంగ్లీషులో రాయాలి. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మన బాధ చెప్పుకోవచ్చు. కానీ తెలుగులో ఇచ్చిన అర్జీ ఎక్కడ ఆగుతుందో ఆఫీసు పనిచేసినవాళ్లకు తెలుసు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలంటే ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంత అధికార భాషలోనే రాయాలి. ఒడిశాలో ఉన్న తెలుగువారు ఆ చట్టాన్ని తెలుగులో వాడుకోలేరు. అంటే ఒకే మాటను మనం మూడుసార్లు రాయాలి. సొంత రాష్ట్రంలో ఉన్నవారికి ఈ బరువు లేదు.

మేము ఉద్యోగంలో చేరినప్పుడు టైపు మిషను, కార్బన్ పేపరు, స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ మీద తీసే ప్రతులు ఉండేవి. తర్వాత కంప్యూటరు వచ్చింది. ప్రతిసారీ "ఇక పని తగ్గుతుంది" అన్నారు. ప్రతిసారీ పని వేగం పెరిగింది గానీ, ఇంటికి వెళ్లే వేళ మారలేదు. ఆ అనుభవం ఉంది కాబట్టే ఏఐ గురించి వినగానే మేము ఎగిరి గంతేయలేదు, అలాగని కొట్టిపారేయనూ లేదు.

యంత్రం ఏం చేస్తోంది

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ బయటికి వచ్చాక ఈ సాధనాలు సామాన్యుల చేతికి అందాయి. అదే ఏడాది జూలైలో కేంద్ర ప్రభుత్వం భాషిణి పేరుతో భారతీయ భాషల మధ్య అనువాదానికి ఒక వేదికను ప్రారంభించింది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం 2023లో విడుదల చేసిన అనువాద నమూనా ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలనూ అందుకుంటుంది. ఒడియా నుంచి తెలుగుకు, తెలుగు నుంచి మరాఠీకి వెళ్లే దారి మనలాంటి వారికి ఒకప్పుడు అంత సులువుగా దొరికేది కాదు. రెండు భాషలూ తెలిసిన పెద్దమనిషి ఎవరైనా దయతలిస్తేనే పని జరిగేది.

మా సంఘంలో ఇప్పుడు నాలుగు పనులకు దీన్ని వాడుతున్నాం. మొదటిది, సమావేశం నోటీసులు, మినిట్స్ ముసాయిదాలు. చేతిరాత నోట్సు చూసుకుంటూ ఫోనులో చెబితే అక్షరాల్లోకి వస్తుంది, దాన్ని మినిట్స్ పద్ధతిలో పెట్టమంటే పెడుతుంది. రెండోది, మూడు భాషల ఉత్తరాలు. మూడోది, ఒడియాలో వచ్చిన సర్క్యులర్ల సారాంశం తెలుగులో చెప్పించుకోవడం. నాలుగోది, జమాఖర్చుల పట్టికలు. ఏ నెలలో ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది వేరుచేయడం.

గుమస్తా అలవాటు పోదు కనుక పనివేళలు ఒక నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాం. ఈ నాలుగు పనులకు ఇదివరకు నెలకు దాదాపు 30 గంటలు పోయేవి. ఇప్పుడు 10 గంటలు పోతున్నాయి. మా మట్టుకు ఇది చిన్న విషయం కాదు. కార్యవర్గంలో అందరం అరవై దాటినవాళ్లమే. కళ్ల ఆపరేషన్ అయినవారు ఇద్దరున్నారు.

"గుంట"కు వచ్చిన తిప్పలు

పొరపాట్లు కూడా చెప్పాలి. ఒక తల్లి తన కూతురికి హాస్టల్లో సీటు రాలేదని సంఘానికి ఫోనులో మాట్లాడి పంపింది. "మా గుంటకి సీటు రాలేదు బాబూ" అంది. ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చమంటే యంత్రం గుంటను నేలలో తవ్వే గొయ్యి చేసింది. గొయ్యికి సీటు రాలేదని వచ్చింది. చదివి నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. అది చూసుకోకుండా పంపి ఉంటే ఆ పిల్ల అర్జీ గతి ఏమయ్యేది?

ఎందుకిలా అయిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఈ యంత్రాలు మనుషులు రాసిపెట్టిన కోట్ల వాక్యాలను చూసి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నేర్చుకుంటాయి. ఇంగ్లీషులో రాసినది సముద్రమంత ఉంటే, ఇంటర్నెట్‌లో తెలుగు అందులో చెరువంత. ఆ చెరువులో కూడా కళింగాంధ్ర మాట, గంజాం మాట చెంబెడు. ఇక్కడ అక్కను "అప్ప" అంటాం, ఏమిటిని "ఏటి" అంటాం, ఆడపిల్లను "గుంట" అంటాం. ఇవి ఇళ్లలో వినిపిస్తాయి, కాగితం మీద కనిపించవు. మనం రాయలేదు కాబట్టి యంత్రానికి తెలియదు. దాన్ని తిట్టి లాభం లేదు.

రెండో పొరపాటు ఇంకా ప్రమాదకరమైనది. ఒక ముసాయిదాలో మాకు అనుకూలంగా ఒక కోర్టు తీర్పును ఉదహరించింది. తేదీతో సహా ఉంది. ఒక వకీలుగారికి చూపిస్తే, అలాంటి తీర్పే లేదని తేల్చారు. యంత్రం తనకు తెలియని చోట ఆగదు, నమ్మకంగా అల్లేస్తుంది. 2023 జూన్‌లో న్యూయార్కులో ఇద్దరు వకీళ్లు ఇలాంటి లేని తీర్పులను కోర్టు ముందు పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టుకున్నారు. చదువుకున్న వకీళ్లకే అలా జరిగితే, వినతిపత్రంలో ఒక్క తప్పుతో సంఘం పరువు పోవడానికి ఎంతసేపు? అప్పటినుంచి అంకె, తేదీ, అధికరణం, తీర్పు కనిపిస్తే అసలు కాగితం చూడకుండా సంతకం పెట్టడం లేదు.

మూడోది సభ్యుల వివరాల సంగతి. మొదట్లో తొందరపడి చందాదారుల జాబితా మొత్తం ఫోను నంబర్లతో సహా ఒక ఉచిత సాధనంలో పెట్టాం. అది తప్పు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం మాట పక్కన పెట్టినా, సభ్యులు నమ్మి ఇచ్చిన నంబర్లను వారిని అడగకుండా బయటికి పంపే హక్కు మాకు లేదు. ఇప్పుడు పేర్ల బదులు రసీదు నంబర్లు మాత్రమే పెడుతున్నాం. ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం ఫొటోలు అసలు పెట్టం.

మిగిలిన గంటలు ఏమయ్యాయి

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. నెలకు 20 గంటలు మిగిలాయని చెప్పాం. మూడు నెలల తర్వాత నోటుపుస్తకం తిరగేసి చూస్తే ఆ 20 గంటలు కనబడలేదు. ఎక్కడికి పోయాయి? ఇదివరకు నెలకు నాలుగు నోటీసులు పంపేవాళ్లం, ఇప్పుడు పదిహేను పంపుతున్నాం. ప్రతి పండగకు, ప్రతి జయంతికి, రంగురంగుల శుభాకాంక్షలు తయారవుతున్నాయి. ఒక పేజీ ఉండే నివేదిక ఐదు పేజీలైంది. రాయడం సులువైంది కనుక ఎక్కువ రాశాం. చదివేవాళ్లు మాత్రం పెరగలేదు. "గ్రూపులో మీ మెసేజీలు చూడ్డం మానేశాం మాస్టారూ" అని ఒక కుర్రాడు మొహం మీదే చెప్పాడు.

యంత్రం ఇచ్చిన సమయాన్ని మళ్లీ యంత్రానికే తినిపించామన్నమాట. ఆఫీసుల్లో టైపు మిషను నాటినుంచి జరుగుతున్నదే సంఘంలోనూ జరిగింది. మిగిలిన సమయానికి ముందే ఒక పని కేటాయించకపోతే, అది దానంతట అది ఎక్కడో ఖర్చయిపోతుంది.

చందా వసూలంటే చందా ఒక్కటే కాదు

ఇంకో సంగతి చెప్పడానికి మనసు ఒప్పుకోవడం లేదు, అయినా చెప్పాలి. చందా గుర్తుచేసే సందేశాలను కూడా యంత్రానికి అప్పగించాం. ఎవరు కట్టలేదో పట్టిక తీసి, మర్యాదైన తెలుగులో ఒక్కొక్కరికీ సందేశం రాసి ఇచ్చేది. ఇంటింటికీ రసీదు పుస్తకం పట్టుకుని తిరిగే పని తప్పింది. సులువైన పని కదా అని సంతోషించాం.

ఒక రోజు పాత సభ్యుడొకరికి అలా సందేశం వెళ్లింది. సాయంత్రం వారి అబ్బాయి ఫోను చేశాడు. "నాన్నగారు పోయి పదకొండు రోజులైంది బాబాయ్. చందా నేను కడతాలెండి" అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. సంఘం పెట్టిన తొలినాళ్లలో బల్లలు మోసిన మనిషి ఆయన. ఆయన పోయిన సంగతి సంఘానికి తెలియలేదు, ఆయన కట్టాల్సిన చందా మాత్రం తెలుసు.

రసీదు పుస్తకం పట్టుకుని తిరిగే రోజుల్లో ఇది జరిగేది కాదు. ఒక ఇంటికి వెళితే చందా ఐదు నిమిషాల పని. మిగతా అరగంట మంచినీళ్లు, టీ, కబుర్లు. ఆ అరగంటలోనే ఎవరికి ఒంట్లో బాగోలేదో, ఎవరి మనవరాలు బడి మారిందో, ఏ ఇంట్లో తెలుగు తగ్గిపోతోందో తెలిసేది. పిల్లల జాబితా కూడా అలా తయారైనదే, ప్రత్యేకంగా ఎవరూ రాయలేదు. మేము "రోజువారీ చాకిరీ" అనుకుని వదిలించుకున్న పనిలోనే సంఘం ప్రాణం కొంత ఉంది. ఏ పని యంత్రానికి ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తేల్చుకునేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ పని చేస్తున్నప్పుడు మనిషి మొహం చూస్తున్నామా? చూస్తుంటే ఆ పని మనదే.

పది, నలభై, పదిహేను

ఇదంతా మనోభావాల మాట అనుకోవద్దు. మన హక్కులు నిలబడేది అంకెల మీదే.

1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం ప్రాథమిక బడుల విషయంలో ఒక అంగీకారానికి వచ్చింది. తరగతిలో పది మంది, లేదా బడి మొత్తం మీద నలభై మంది పిల్లలు ఆ మాతృభాష వారు ఉంటే, ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక పంతులుగారిని ఇవ్వాలి. రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లో రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలు చేరాయి. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి, రెండోది భాషా మైనారిటీల కోసం ప్రత్యేక అధికారి గురించి. ఆ ఏడాదే కేంద్రం విడుదల చేసిన మెమొరాండం, ఒక జిల్లాలోగానీ తాలూకా, పురపాలక సంఘం వంటి చిన్న ప్రాంతంలోగానీ కనీసం 15 శాతం ఉన్న భాషా మైనారిటీకి ప్రభుత్వ నోటీసులు వారి భాషలో ఇవ్వడం గురించి మాట్లాడింది.

పది, నలభై అన్న అంకెలు, పదిహేను శాతం అన్న లెక్క రాష్ట్రాలు ఒప్పుకున్న మాటలే గానీ కోర్టుకెళ్లి గట్టిగా పట్టుకోగలిగిన చట్టాలు కావు. అయినా మన చేతిలో ఉన్న ఆధారం అవే. ఆ అధికారి "జాబితా ఏది" అని అడిగింది ఇందుకే. ఉత్తరం ఎంత బాగా రాసినా పది పేర్లు లేకపోతే ఫైలు కదలదు. ఆ పేర్లు ఏ యంత్రం దగ్గరా లేవు. సాహీల్లో తిరిగితేనే దొరుకుతాయి.

దీనికి తోడు జనగణన ముందుంది. 2021లో జరగాల్సింది ఆగి, ఇప్పుడు 2027 జనగణనగా జరుగుతోంది. ప్రజల లెక్క తీసే దశ 2027 ఫిబ్రవరిలో ఉంటుందని కేంద్రం ప్రకటించింది. ఇది తొలిసారి డిజిటల్ పద్ధతిలో జరిగే జనగణన. మన వివరాలు మనమే నింపుకునే వీలు కూడా ఉంటుంది. 2011లో మాతృభాష, దాని తర్వాత తెలిసిన మరో రెండు భాషలు అడిగారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఎన్యూమరేటరు అడిగితే "ఒడియా" అనో, పిల్లవాడు ఫోనులో నింపుతూ ఇంగ్లీషు అనో రాసే ఇళ్లు మాకు తెలుసు. ఎవరూ దురుద్దేశంతో అలా చేయరు. చదవడం రాదు కాబట్టి తెలుగు మా భాష కాదేమో అనుకుంటారు. ఇంట్లో తల్లి నుంచి వచ్చిన భాష మాతృభాష, అక్షరాలు రాకపోయినా అది మారదు. ఈ ఒక్క మాట వెయ్యి మెసేజీల కన్నా గడపలో నిలబడి చెబితేనే తలకెక్కుతుంది.

అక్షరాలు ఎందుకని అడిగిన పిల్లవాడు

మా తరువాతి తరం తెలుగు మాట్లాడుతుంది, చాలామంది చదవలేరు. ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. ఇక్కడ కూడా ఏఐ రెండు వైపులా పదునున్న కత్తిలా ఉంది. తెలుగు నోటీసును గొంతుతో చదివించి పంపితే, ఏ లిపీ రాని ముసలమ్మలకు కూడా అందుతోంది. ఇది నిజమైన మేలు. మరోవైపు, ఆదివారం తరగతికి వచ్చే ఒక పిల్లవాడు "ఫోనే చదివి వినిపిస్తుంది కదా తాతా, అక్షరాలు నేర్చుకోవడం ఎందుకు?" అని అడిగాడు.

వెంటనే జవాబు రాలేదు. మరుసటి వారం ఆ గుంట, గొయ్యి కథ చెప్పాం. "ఫోను తప్పు చదివితే, తప్పని ఎవరు చెప్పాలిరా?" అన్నాం. వాడు నవ్వి పలక తీసుకున్నాడు. ఆ కథ విని ఇంకో పిల్ల వాళ్ల నాయనమ్మ మాటలు పుస్తకంలో రాసి తెచ్చింది. మన మాట యంత్రానికి తెలియాలన్నా, ముందు దాన్ని మనవాళ్లెవరో రాయాలి. రాయడం వచ్చినవాళ్లు తగ్గిపోతే, గంజాం తెలుగు యంత్రంలోనూ ఉండదు, ఇంట్లోనూ ఉండదు.

మిగతా చోట్ల మనవాళ్లకు

చోటును బట్టి అవసరం మారుతుంది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వల్ల పదో తరగతి పరీక్షలో తమిళం తప్పనిసరైంది. భాషా మైనారిటీ విద్యార్థులకు మినహాయింపు కోసం సంఘాలు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును ఆ ఏడాదికి పొడిగించింది. అలాంటి వ్యాజ్యాల కాగితాలు చదువుకోవడానికి, తల్లిదండ్రులకు తెలుగులో వివరించడానికి ఈ సాధనాలు బాగా పనికివస్తాయి. కర్ణాటకలో కన్నడలో, సోలాపూర్‌లో మరాఠీలో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే సంఘాలకూ ఇదే సంగతి. యానాంలో తెలుగుకు అధికార భాష హోదా ఉంది, కాబట్టి అక్కడి బాధ వేరు. రాజధాని పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడికి వెళ్లి కాగితం వెంట పడే ఖర్చులో కొంతైనా ఇంటినుంచే తగ్గించుకోవచ్చు.

ఒక చిన్న మాట మనవాళ్ల బతుకుల గురించి కూడా. మా ఉత్తరాలన్నీ ఒకప్పుడు దగ్గరలోని డీటీపీ షాపులో కొట్టించేవాళ్లం. తెలుగు, ఒడియా రెండూ కొట్టగల కుర్రాడు. మా పని తగ్గడంతో అతని సంపాదన కొంత తగ్గింది. ఇప్పుడు ముసాయిదాలన్నీ చివరిసారి తప్పులు దిద్దడానికి అతనికే ఇస్తున్నాం, దానికి డబ్బు ఇస్తున్నాం. యంత్రం చేసిన తప్పులను పట్టడంలో అతని కన్ను మాకన్నా చురుకైనది. సంఘానికి మిగిలిన డబ్బు పొరుగువాడి జేబులోంచి వచ్చింది కాకూడదు.

సంఘాలకు మా మనవి

మా కార్యవర్గం తీర్మానించుకున్న పద్ధతి ఇది. మీకు నచ్చినంతవరకు వాడుకోండి.

ముసాయిదా యంత్రానిది, సంతకం మనిషిది. చదవకుండా సంతకం పెట్టవద్దు. ఒడియా, కన్నడ, తమిళం, మరాఠీ ప్రతిని ఆ భాష బాగా తెలిసిన ఒక సభ్యుడు చదివాకే పంపాలి.

చట్టం, తేదీ, అంకె, తీర్పు కనిపిస్తే అసలు కాగితంతో సరిచూడాలి.

సభ్యుల వ్యక్తిగత వివరాలు ఏ సాధనంలోనూ పెట్టవద్దు.

చావు, జబ్బు, చందా, పెళ్లి, బడి, ఈ ఐదు విషయాలకు మెసేజీ చాలదు. మనిషి వెళ్లాలి, వెళ్లలేకపోతే గొంతు వినిపించాలి.

చివరిది ముఖ్యమైనది. మిగిలే గంటలు ఏ పనికో ముందే మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి. మేము నెలకు 20 గంటలను మూడు పనులకు కేటాయించాం. ఇంటింటికీ తిరగడం, ఆదివారం అక్షరాల తరగతి, పెద్దల మాటలు రాసిపెట్టడం. జనగణన అయ్యేవరకు మొదటి పనికే ఎక్కువ భాగం.

ఇప్పటికి నాలుగు ఆదివారాలు తిరిగాం. ఇద్దరిద్దరం ఒక జట్టు, చేతిలో కొత్త నోటుపుస్తకం. మొదటి ఇంట్లోనే ఒక పెద్దావిడ "ఏటి బాబూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా?" అంది. ఆ మాట పడాల్సిందే, పడ్డాం. తర్వాత టీ ఇచ్చింది, ఇద్దరు మనవల పేర్లు చెప్పింది, పక్కింట్లో ఇంకొకడున్నాడని చూపించింది. ఆ పదకొండు రోజుల తర్వాత సందేశం వెళ్లిన ఇంటికి కూడా వెళ్లాం. ఆ అబ్బాయి ఇప్పుడు మా జట్టులో ఉన్నాడు.

ఆ బడిలో మూడో తరగతికి ఇప్పటికి ఏడుగురి పేర్లు దొరికాయి. ఇంకా ముగ్గురు కావాలి. దొరికిన రోజున వినతిపత్రం మళ్లీ పట్టుకెళతాం. దాన్ని కొత్త తేదీతో సిద్ధం చేయడానికి పది నిమిషాలు చాలు. బరంపురంలో మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో ఆ వయసు పిల్లలుంటే దయచేసి మీ సాహీలోని సంఘం సభ్యులకు చెప్పండి. వేరే ఊళ్లో ఉన్నవారు, మీ ఊరి జాబితా ఎప్పుడు రాసిందో ఒక్కసారి తీసి చూడండి.